గుండె పరీక్షలన్నీ నార్మల్: బెల్లందూరు అపార్ట్‌మెంట్‌లో ఒక నాయనమ్మ కేసు

చీటీలో ఉన్నది, ఆమె చెప్పింది

ఫిజీషియన్ పంపిన చీటీలో ఒకటే లైను: ఈసీజీ, ఎకో నార్మల్, యాంగ్జయిటీలా ఉంది, చూడండి. చీటీ తెచ్చినావిడకు అరవై దాటాయి. ఊరు నరసరావుపేట దగ్గర పల్లె. బెంగళూరు బెల్లందూరులో కొడుకు, కోడలు ఇద్దరూ సాఫ్ట్‌వేర్. రెండున్నరేళ్ల మనవణ్ని చూసుకోవడానికి వచ్చి ఏడాదిన్నర అయింది. ఆమెను నేను పెద్దమ్మ అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఆమె, ఇంట్లోవాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను. నేను మందులు రాసే డాక్టర్ని కాదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. మనిషితో, ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడటం, బయట ఆసరా ఎక్కడుందో వెతికి కలపడం నా పని.

"పొద్దుగూకితే చాలు, గుండె దడదడలాడుద్ది. ఊపిరాడదు. అరికాళ్లు మంటలు. రాత్రి రెండింటికి మెలకువొస్తే ఇక కన్ను మూతపడదు" అంది పెద్దమ్మ. అర్ధరాత్రి రెండుసార్లు ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. గుండెపోటు కాదని రక్తపరీక్షలో తేలింది. "మీకేం లేదమ్మా, టెన్షన్ అంతే" అన్నారట అక్కడ. ఆ డాక్టరు ధైర్యం చెప్పడానికే అని ఉంటారు. ఆమెకు మాత్రం, ఏమీ లేకుండానే ఇంత హడావిడి చేశావు అన్నట్టు వినపడింది. కొడుకు కార్డుతో బిల్లు కడుతుంటే పక్కన నిలబడలేకపోయానని చెప్పింది. రెండోసారి తర్వాత దడ వచ్చినా ఎవరికీ చెప్పడం మానేసింది.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, డిప్రెషన్, యాంగ్జయిటీ లాంటి మామూలు సమస్యలున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా చికిత్స అందడం లేదు. వాళ్లంతా ఆస్పత్రి గడప తొక్కనివాళ్లని అనుకుంటాం. పెద్దమ్మ లాంటివాళ్లు గుండె డాక్టరు, ఎముకల డాక్టరు, గ్యాస్ డాక్టరు అందరి దగ్గరికీ తిరిగి కూడా ఆ లెక్కలోనే మిగిలిపోతారు.

ఇంట్లో ఒక రోజు

క్లినిక్‌లో ఎంత అడిగినా "అంతా బానే ఉందమ్మాయ్, పిల్లలు బంగారం" అన్నదే సమాధానం. కొడుకింట్లో కష్టంగా ఉందని పరాయివాళ్లకు చెప్పడం ఆమె పెరిగిన పద్ధతిలో లేదు. అందుకే మంచిచెడ్డలు అడగడం ఆపి, నిద్రలేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో గంట గంటకీ చెప్పమన్నాను. తర్వాత ఇంటికి కూడా వెళ్లాను.

ఐదింటికి లేస్తుంది. పాలు, టిఫిను, మధ్యాహ్నానికి కూర. తొమ్మిదిన్నరకల్లా కొడుకు ఒక గదిలో, కోడలు ఇంకో గదిలో తలుపులేసుకుని ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుంటారు. వారానికి రెండు మూడు రోజులే ఆఫీసు, మిగతాదంతా ఇంటి నుంచే. పిల్లాడు ఆ తలుపులు కొట్టకుండా హాల్లోనే ఆపి ఉంచాలి. మిక్సీ వేయకూడదు. కుక్కర్ మూడో కూత కూసేలోపు పరుగెత్తి కట్టేయాలి. గేటు దగ్గర ఎవరైనా వస్తే మెసేజ్ కొడుకు ఫోన్‌కే వెళ్తుంది. సెక్యూరిటీ అబ్బాయి మాట్లాడే హిందీ ఆమెకు రాదు. ఇంటి నిండా మనుషులున్నా పగలంతా ఆమె మాట్లాడేది రెండున్నరేళ్ల పిల్లాడితోనే.

అమెరికా కాల్స్ రాత్రి ఏడున్నరకు మొదలవుతాయి. పిల్లాడు నిద్రమత్తులో పేచీ పెట్టే వేళ కూడా అదే. ఊళ్లో ఆమె భర్త ఒక్కడే వండుకుని, సుగర్ మాత్ర వేసుకుని భోజనానికి కూర్చునేది ఎనిమిదింటికి. ఆ టైములో ఫోన్ చేసి మాత్ర వేసుకున్నావా అని అడగడం ఆమెకు అలవాటు. ఇక్కడ ఆ వేళప్పుడు గట్టిగా మాట్లాడితే కాల్స్‌కి ఇబ్బంది. దడ ఎప్పుడు వస్తోందో రెండు వారాలు క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు పెట్టించాను. దాదాపు అన్నీ రాత్రి ఏడున్నరకీ తొమ్మిదికీ మధ్యే.

మొదటిసారి ఎమర్జెన్సీకి వెళ్లిన రోజు సంగతి బయటకు రావడానికి చాలా సమయం పట్టింది. అప్పుడు ఊళ్లో మిరపకోతలు. భర్తకు నాలుగు రోజులు జ్వరం. కూలీలు దొరక్క, జ్వరంతోనే చేలోకి వెళ్లాడు. ఆమెకు చెప్పలేదు. తోడికోడలు ఫోన్లో నోరు జారితే తెలిసింది. "నేను ఇక్కడ ఏసీలో కూర్చునుంటే ఆ మనిషికి గంజి కాచిచ్చే దిక్కు లేదు" అంది. ఆ రాత్రే ఛాతీ పట్టేసింది.

అసలు ఏముంది

ఇంటి కథ తెలిసింది కదా అని ఒంట్లో బాధలన్నీ మనసుకు అంటగట్టడం పెద్ద తప్పు. పెద్దవయసులో మరీను. థైరాయిడ్, హిమోగ్లోబిన్, సుగర్, సోడియం, బీ12 చూడమని ఫిజీషియన్‌ని అడిగాం. బీ12 బాగా తక్కువగా వచ్చింది. అరికాళ్ల మంటలకు కారణం చాలావరకు అదే. ఇంజెక్షన్లు మొదలుపెట్టాక తగ్గుతూ వచ్చాయి. మోకాళ్లది అరుగుదల. మతిమరుపు వస్తోందని ఆమె భయపడింది కానీ, జ్ఞాపకశక్తి పరీక్షలో తేడా ఏమీ కనపడలేదు. నిద్రలేమితో వచ్చే మరుపే.

ఇంకోటి సంచిలోంచి బయటపడింది. ఊరెళ్లినప్పుడు ఆరెంపీ ఇచ్చిన "నిద్రమాత్ర". స్ట్రిప్పు మీద ఆల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాములు అని ఉంది. ఐదు నెలలుగా రోజూ వేసుకుంటోంది. అయిపోతే ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత భర్త పంపిస్తాడు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. కట్టడి ఎక్కువున్న మందుల జాబితా షెడ్యూల్ హెచ్1లో ఉంది, మందుల షాపువాళ్లు అమ్మకాన్ని విడిగా రిజిస్టర్‌లో రాయాలి. పల్లెల్లో మాత్రం పిప్పరమెంట్లలా చేతులు మారుతుంది. పెద్దవాళ్లలో తూలి పడటం, మరుపు, అలవాటు పడిపోవడం దీనివల్ల వచ్చే చిక్కులు. ఒక్కసారిగా ఆపేస్తే దడ, నిద్రలేమి రెట్టింపు అవుతాయి. మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిందే.

డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ–9, ఆందోళనకి గ్యాడ్–7 అనే ప్రశ్నావళులు వాడాను. ప్రశ్నలు అచ్చులో ఉన్నట్టు చదివితే పెద్దమ్మ లాంటివాళ్లకు పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. వాళ్ల మాటల్లోకి మార్చి అడగాలి. "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు" అంటే తడబడింది. "మొన్న అమావాస్య నుంచి" అంటే లెక్క సరిగ్గా చెప్పింది. పీహెచ్‌క్యూలో 27కి 14, గ్యాడ్‌లో 21కి 13. రెండూ మధ్యస్థం.

పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచన గురించి. "దేవుడు తీసుకుపోతే బాగుండనిపిస్తదమ్మాయ్" అంది. ఆ మాటను వయసు మాటగా తీసుకుని వదిలేయకూడదు. ఏ నుయ్యో గొయ్యో చూసుకోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. వాళ్లది పద్నాలుగో అంతస్తు కాబట్టి బాల్కనీ గురించి కూడా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామంది ఇళ్లలో ఉంది. అలా జరగదు. అడిగినందుకు మనిషి తేలికపడటమే ఎక్కువ. "అంత పాపిష్టిదాన్నా? బుడ్డోడు ఉన్నాడు, ఆయన ఉన్నాడు" అంది. ఆలోచన అంతవరకే ఉంది, ప్రయత్నం గానీ పథకం గానీ లేదు. అయినా కొడుక్కి చెప్పడానికి ఆమెనే ఒప్పించాను. మాత్రల స్ట్రిప్పులు కోడలి దగ్గర ఉండాలని అనుకున్నాం.

సైకియాట్రిస్టు మధ్యస్థ డిప్రెషన్, దానితో పాటు ఆందోళన అని తేల్చారు. డిప్రెషన్ మందు ఎస్కిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి తర్వాత 10కి పెంచారు. పెద్దవాళ్లలో ఈ రకం మందులకు సోడియం పడిపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి మళ్లీ రక్తపరీక్ష చేయించారు. మొదటి వారం కడుపులో తిప్పుతుందని, గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పడం వల్ల ఆమె మధ్యలో మానలేదు. నిద్రమాత్రను వారాల తరబడి తగ్గిస్తూ ఆపించారు.

ఇంటివాళ్లతో

ఇలాంటి కేసుల్లో కోడలు గదిలోకి వచ్చేటప్పుడే ముద్దాయిలా వస్తుంది. ఈ అమ్మాయీ అంతే. "అత్తయ్యగారికి ఇబ్బందిగా ఉంటే చెప్పొచ్చు కదండీ. ఏదడిగినా నాకేం పర్లేదమ్మాయ్ అంటారు" అంది, అని ఏడ్చింది. ప్రసూతి సెలవు అయ్యాక ఆఫీసులో పట్టు నిలబెట్టుకోవడానికి ఆమె పడుతున్న పాట్లు తక్కువవి కావు. ఎవరి తల్లి గురించి మాట్లాడుతున్నామో ఆ కొడుకు మాత్రం గూగుల్‌లో చదివిన యోగా యాప్‌ల గురించి చెప్పాడు. మంచివాడే. తల్లి తన దగ్గర సుఖంగా ఉందని నమ్మడం అతనికి అవసరం. ఆ నమ్మకం కదిలితే, తండ్రిని ఊళ్లో ఒంటరిగా వదిలేశానన్న మాట కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అని ఒక పద్ధతి ఇచ్చింది. సైకియాట్రిస్టులు కానివాళ్లు కూడా శిక్షణ తీసుకుని చేయగలిగేది. ఒత్తిడిని తగ్గించుకోవడం, చేతిలో ఉన్న సమస్యను విడదీసి చూడటం, ఆగిపోయిన పనులను మళ్లీ మొదలుపెట్టడం, మనుషుల ఆసరా పెంచుకోవడం అన్న నాలుగూ అందులో ఉంటాయి. నేను స్థూలంగా దాన్నే పట్టుకుంటాను, వరస మాత్రం మనిషిని బట్టి మారుస్తాను. ఇక్కడ ముందు ఇంటి టైమ్‌టేబుల్‌నే ముట్టుకోవాల్సి వచ్చింది.

రాత్రి ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఇద్దరిలో ఒకరు కాల్స్ పెట్టుకోకూడదు, రోజు మార్చి రోజు. ఎనిమిదింటికి పెద్దమ్మ తన గదిలో తలుపేసుకుని భర్తతో ఫోన్ మాట్లాడుతుంది. ఆదివారం వంట ఆమెది కాదు. పొద్దున మూడు గంటలు పిల్లాడు డేకేర్‌కి. ఈ చివరిదానికి ఖర్చు అడ్డొచ్చింది. అప్పుడు కోడలి ఆఫీసు సంగతి అడిగాను. 50 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థ క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, కల్పించాలన్న నియమం 2017 సవరణతో ప్రసూతి ప్రయోజనాల చట్టంలోకి వచ్చింది. హెచ్‌ఆర్‌ని అడిగితే దగ్గర్లోని ఒక డేకేర్‌తో వాళ్లకు ఒప్పందం ఉందని తెలిసింది. అత్తయ్య ఉంది కదా అని ఆ అమ్మాయి అంతవరకు అడగనే లేదు.

డేకేర్ అనగానే పెద్దమ్మ ముఖం మాడ్చుకుంది. నేనుండగా పిల్లాణ్ని పరాయివాళ్ల దగ్గర ఉంచుతారా అని. ఆ మూడు గంటలు ఆమెకు సెలవు అని చెబితే ఒప్పుకునేది కాదు. వాడు నలుగురు పిల్లల్లో పడితే మాటలు తొందరగా వస్తాయన్న మాట పనిచేసింది.

దడ వచ్చినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో బొమ్మ గీసి చెప్పాను. భయం వేస్తే ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, ఆ పైపై ఊపిరి వల్లే ఛాతీ పట్టేసినట్టు, చేతులు తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండాలంటే, "ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టేగా" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. దాంతో పాటు ఇంకోటి గట్టిగా చెప్పాను. ఛాతీలో బరువుకు తోడు చెమటలు పట్టినా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, నడిస్తే ఎక్కువైనా ఊపిరి అభ్యాసాలు చేస్తూ కూర్చోకూడదు. బిల్లు ఎంతైనా ఆస్పత్రికే వెళ్లాలి.

మనుషులు ఎక్కడ దొరికారు

అమ్మకు తోడు కావాలనగానే కొడుకు తనకు తోచింది చేశాడు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, అక్కడే టీటీడీ గుడి ఉంది, ఒక శనివారం కారులో తీసుకెళ్లాడు. రెండూ మంచి చోట్లే. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉండేవాళ్లకు అది ఊరి అవతలి కొస. కొడుక్కి తీరికైతే తప్ప వెళ్లలేని చోటు ఆమెకు ఆసరా కాలేదు. మెట్లు దిగి ఒంటరిగా చేరగలిగేంత దూరంలో ఏముందన్నదే చూడాలి.

కింద పార్కు బెంచీల మీద పెద్దవాళ్లు కూర్చుంటారు. మాటలన్నీ హిందీలో. వెళ్లి, కాసేపు నవ్వుముఖం పెట్టుకుని కూర్చుని, పైకి వచ్చేసింది. అడ్రసు చెప్పి వెళ్లమంటే వెళ్లలేని మనిషికి మొదటిరోజు ఎవరో ఒకరు పక్కన నడవాలి. తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు ఆమెతో పాటు కిందికి దిగాను. లిఫ్ట్ దగ్గర తుడుస్తున్న హౌస్‌కీపింగ్ ఆమె ఫోన్లో "అన్నం తిన్యావా" అంటోంది. పెద్దమ్మ గిరుక్కున తిరిగింది. "ఏ ఊరమ్మా?" "కదిరి." ఇద్దరూ నన్ను మరిచిపోయారు.

బెంగళూరులో తెలుగువాళ్లంటే మనకు సాఫ్ట్‌వేర్ వాళ్లే గుర్తొస్తారు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి బిల్డింగులు కట్టేవాళ్లు, ఊడ్చేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. పక్కనే ఉన్న కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఏ ఫ్లాట్‌లో ఏ భాష మాట్లాడతారో అసోసియేషన్ సెక్రటరీకి తెలియకపోవచ్చు, ఊడ్చే మనిషికి తెలుస్తుంది.

మధ్యాహ్నం వాళ్ల అన్నాల వేళకు పెద్దమ్మ గిన్నెలో పచ్చడి వేసుకుని బేస్‌మెంట్‌కి దిగడం మొదలుపెట్టింది. ఇది ఇంట్లో గొడవైంది. "అమ్మ పనివాళ్లతో కింద కూర్చుంటే అందరూ ఏమనుకుంటారు" అన్నాడు కొడుకు. కోడలు పైకి అనలేదు గానీ ఆమెకూ ఇష్టం లేదు. నా అభిప్రాయం దాచుకోలేదు. ఊళ్లో ఆమె మిరపచేలో కూలీలతో కలిసి కోసిన మనిషి, వాళ్ల పక్కన కూర్చుని సద్ది తిన్న మనిషి. ఆమెకు తెలిసిన నలుగురు అంటే వాళ్లే. బెంగళూరు పరువు కోసం దాన్ని తెంపితే ఇంకే మందూ పనిచేయదని చెప్పాను. ఈ కేసులో నాకు ఎక్కువ శ్రమ అయింది ఇక్కడే.

అటువైపు సంగతి కూడా చూడాలి. ఆ కదిరి ఆమెకు దొరికేది అరగంట విరామం. సూపర్‌వైజర్ చూస్తే మాట పడేది ఆమే. పెద్దింటి ఆవిడ కష్టాలు వినడం ఆమె జీతంలో లేని పని కాకూడదు. అందుకే పని వేళల్లో కదిలించవద్దని పెద్దమ్మకు చెప్పాను. ఆమె అప్పటికే ఆ లెక్క నాకన్నా బాగా గ్రహించింది. ఆ అమ్మాయి కూతురు పదో తరగతి, తెలుగు అక్షరాలు రావు. ఆదివారాలు తానే నేర్పిస్తానంది.

ఫలానా టవర్‌లో ఒంగోలు నాయనమ్మ ఉందని, ఇంకో టవర్‌లో నెల్లూరు అమ్మమ్మ ఉందని చెప్పింది కూడా కదిరి ఆమే. చింతామణి నుంచి వచ్చినావిడకు తెలుగూ కన్నడా రెండూ వచ్చు. ఐదింటికి పిల్లల్ని ఆడించే చోట వీళ్లంతా చేరడం మొదలైంది. స్ట్రెస్ గురించి అక్కడ ఎవరూ మాట్లాడరు. కోడళ్ల గురించి, మోకాళ్ల గురించి, సీరియళ్ల గురించి మాట్లాడతారు. బస్సులో టికెట్ ఎలా అడగాలో చింతామణి ఆవిడ నేర్పింది.

ఇది చికిత్స బృందం కాదు. వాళ్లలో ఒకావిడ భర్త పోయిన దుఃఖంలోనే ఉంది, ఆ బరువు మోయడం మిగతావాళ్ల వల్ల కాదు. అందుకని అందరి ఫోన్లలోనూ కొన్ని నంబర్లు వేయించాను. 14416 ఫోన్లో మానసిక సాయం అందించే టెలీమానస్‌ది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, భాషల్లో తెలుగు ఎంచుకోవచ్చు. పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్‌లైన్ 14567. బెంగళూరు పోలీసులు, నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ కలిసి 2002 నుంచి నడుపుతున్న పెద్దల హెల్ప్‌లైన్ 1090 కూడా ఉంది. నిమ్హాన్స్ అనగానే పిచ్చాసుపత్రి అని జంకేవాళ్లు ఉంటారు. వాళ్లకు బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్‌వాళ్లదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉందని చెబుతాను.

ఇప్పటి పరిస్థితి

మధ్యలో ఒకసారి అంతా తలకిందులైంది. పిల్లాడికి డేకేర్‌లో జ్వరం అంటుకుంది, అదే వారం కోడలికి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్. రాత్రి ఏడున్నర ఒప్పందం గాలికి పోయింది. దడ మళ్లీ వచ్చింది. ఈసారి పెద్దమ్మ కొడుకు గది తలుపు కొట్టి, "నాయనా, నాకు బాగోలేదు, కాసేపు వచ్చి కూర్చో" అంది. నా దృష్టిలో స్కోరు తగ్గడం కన్నా ఆ తలుపు కొట్టడం పెద్ద మార్పు.

నాలుగో నెలకు పీహెచ్‌క్యూ 6కి, గ్యాడ్ 5కి వచ్చాయి. నిద్రమాత్ర ఆగిపోయింది. మళ్లీ ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన పని పడలేదు. రెండింటికి మెలకువ ఇప్పటికీ వస్తుంది, మళ్లీ నిద్ర పడుతుంది. మోకాళ్లు అలాగే ఉన్నాయి. సంక్రాంతికి ఊరెళ్లి నెల రోజులు ఉంది. అక్కడ ఒక్కసారి కూడా దడ రాలేదని నవ్వుతూ చెప్పింది. కొడుకు నవ్వలేదు. పూర్తిగా తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు ఆపకూడదని సైకియాట్రిస్టు చెప్పారు.

తేలనిది ఒకటుంది. ఆమె భర్త పొలం కౌలుకిచ్చి రావడానికి ఒప్పుకోవడం లేదు, ఆయన సుగర్ అదుపులో లేదు. ఇంట్లో రెండో బిడ్డ మాట నడుస్తోంది. ఆయన కూడా వస్తే ఉంటాను, రాకపోతే ఆర్నెల్లకోసారి ఊరెళ్లి నెల ఉంటాను, ఆ నెల డేకేర్ సంగతి మీరే చూసుకోవాలి అని పెద్దమ్మ తన షరతు తానే చెప్పింది. కోడలు సరేనంది. కొడుకు ఆలోచిస్తానన్నాడు. ఉగాది తర్వాత అందరం కలిసి కూర్చుంటాం. ఈసారి పెద్దాయన్ని కూడా వీడియో కాల్‌లోకి తీసుకోవాలి.